చూపెడి తెర, అడిగెడి తెర

గడచిన కొన్ని సంవత్సరములలో మన ప్రభుత్వ పాఠశాలల తరగతిగదుల రూపు చాలవరకు మారినది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థుల చేతికి ట్యాబులు అందినవి. ఆ మరుసటి సంవత్సరమునుండి, ఉపాధ్యాయులు ఐఎఫ్‌పీలని పొట్టిపేరుతో పిలుచుకొను ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు ఉన్నత పాఠశాలలలో నల్లబల్ల చెంతకు వచ్చి చేరినవి. తెలంగాణమున టీ-శాట్ ప్రసారములు పల్లెబడులకు సైతము పాఠములను చేరవేయుచున్నవి. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ కోడుపై ఫోను పట్టినంతనే, కేంద్రప్రభుత్వము 2017లో ప్రారంభించిన దీక్షా వేదికనుండి ఆ పాఠమునకు సంబంధించిన వీడియో తెరమీదికి వచ్చుచున్నది. తమ బాల్యమున పలకాబలపములు తప్ప వేరొండు ఉపకరణము నెరుగని తల్లిదండ్రులు ఈ మార్పును చూచి సంతోషించుచున్నారు. అది న్యాయమైన సంతోషమే. అయితే ప్రజాధనమును ఇంతగా వెచ్చించి, ఇందరు శ్రమించి తెచ్చిన ఈ సాధనములవలన, వెనుకబెంచీలో కూర్చుండి భాగహారమునకే తడబడుచున్న పిల్లవానికి ఒరిగినదేమి అను ప్రశ్నను మనము వేసికొనక తప్పదు.

తరగతిగదిలోని తెరలను రెండు తెగలుగా విభజింపవచ్చును. పాఠమును చూపి ఊరకుండునది ఒకటి. పిల్లవానిని ప్రశ్నించి, వాడిచ్చిన సమాధానమును బట్టి తరువాతి మాట చెప్పునది, లేక ఆ సమాధానమును ఉపాధ్యాయునికి ఎరుకపరచునది రెండవది. మొదటిదానివలన కలుగు మేలు స్వల్పము, రెండవదానివలన కలుగు మేలు అధికము. పలుదేశములలో జరిగిన పరీక్షలు ఈ భేదమునే మరల మరల నిరూపించుచున్నవి. పాఠశాలలకు ఏది కొనవలెనో, కొన్నదానిని ఎట్లు వాడవలెనో నిర్ణయించువారు అన్నిటికంటె ముందుగా గుర్తింపవలసిన భేదము ఇదియే.

యంత్రము చదువు చెప్పునను ఆశ నిన్న మొన్నటిది కాదు. చలనచిత్రములు వచ్చినవి కనుక ఇక పాఠశాలలలో పుస్తకములకు కాలము చెల్లినట్లేయని, పదియేండ్లలో విద్యావిధానమే సమూలముగా మారిపోవునని, 1913లోనే థామస్ ఎడిసన్ ప్రకటించియుండెను. పదియేండ్లు గడచినవి, నూరేండ్లును గడచినవి. పుస్తకము చెక్కుచెదరక నిలిచినది. మన తెలుగునేలపైనే అంతకంటె గంభీరమైన ప్రయత్నమొకటి జరిగినది. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జులై 31వ తేదీ వరకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సహాయముతో, మన ఇస్రో శాస్త్రజ్ఞులు ‘సైట్’ అను పేరున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములను నేరుగా అందించిరి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అచ్చట ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు, తెలుగులోనే కార్యక్రమములు వచ్చెడివి. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో టీవీలను నడిపిరి. అంతవరకు టీవీ అనునది ఎట్లుండునో చూచి ఎరుగని పల్లెపిల్లలు, విజ్ఞానశాస్త్ర ప్రయోగములను తమ భాషలో, తమ బడిలోనే కన్నులార చూడగలుగుట ఆ కాలమున సామాన్య విషయము కాదు.

అయినను ఆ ప్రసారమునకు సహజమైన పరిమితి ఒకటి ఉండెను. ఆకాశమునుండి దిగివచ్చు పాఠము అన్ని ఊళ్లకును ఒకేవేగమున సాగును. మూడవ వరుసలోని బాలిక ఎచ్చట అర్థముకాక ఆగిపోయినదో ఆ తెరకు తెలియదు, తెలిసినను వెనుకకు వచ్చి మరల చెప్పజాలదు. 2020లో కరోనా మహమ్మారి బడులను మూయించినప్పుడు ఈ లోపమునే లక్షలాది కుటుంబములు అనుభవించినవి. తెలంగాణమున ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి ద్వారా, టీ-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా ప్రసారమైనవి. చదువు పూర్తిగా అడుగంటిపోకుండ ఆ ప్రసారములు కాపాడినవనుటలో సందేహము లేదు. కాని టీవీ లేక, ఇంటిలో ఉన్నది ఒక్కటే ఫోనై, అది తండ్రితోపాటు పనికి వెళ్లిపోయిన ఇండ్లలోను, సిగ్నలు అందని గూడెములలోను, ఆ చదువు చేరవలసినవారికే చేరలేదు. చేరినచోటులలో సైతము, విన్నది అర్థమైనదా లేదా అని అడుగువారు లేక, పిల్లలు వినుటతోనే సరిపెట్టుకొనిరి.

ఉపకరణము చేతికి వచ్చినంతమాత్రమున విద్య రాదనుటకు పెరూ దేశము గట్టి నిదర్శనము. పిల్లవానికొక ల్యాప్‌టాప్ అను ఆశయముతో ఆ దేశప్రభుత్వము గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు యంత్రములను పంచినది. 319 పాఠశాలలను ఎన్నుకొని, పదునైదు నెలల తరువాత పరిశోధకులు పరీక్షింపగా, గణితములో గాని భాషలో గాని ఆ పిల్లలు ఇతరులకంటె ముందుకు పోయినట్లు కనబడలేదు. పెట్టెలు నిండుగా వచ్చినవి. వానితో ఏ పాఠము, ఏ క్రమమున, ఎవరి పర్యవేక్షణలో నేర్వవలెనను ఏర్పాటు మాత్రము వానితోపాటు రాలేదు.

మన గుజరాత్‌లోని వడోదరలో ఈ శతాబ్ది తొలినాళ్లలో జరిగిన ప్రయోగము ఇందుకు భిన్నమైన ఫలితము నిచ్చినది. అచ్చటి మునిసిపల్ బడులలో నాలుగవ తరగతి పిల్లలకు, ప్రథమ్ సంస్థ ఆధ్వర్యమున, వారమునకు రెండు గంటలపాటు, ఒక్కొక్క కంప్యూటరు ముందు ఇద్దరిద్దరిని కూర్చుండబెట్టి గణితక్రీడలను ఆడించిరి. పిల్లలు సరిగా చెప్పినకొలది లెక్క కఠినమగును, తప్పినకొలది సులభమగును. ఈ స్వల్పమైన ఏర్పాటుతోనే ఆ పిల్లల గణితశక్తి గణనీయముగా పెరిగినదని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ప్రభృతులు 2007లో ప్రకటించిరి. అయితే కార్యక్రమము ఆగిన యేడాదికి ఆ లాభములో అధికభాగము కరగిపోయినది. కనుక నిరంతర సాధన అవసరమని కూడ దానివలన తెలిసినది. గుజరాత్‌లోనే జరిగిన మరియొక పరిశీలన ఇంకను ముఖ్యమైనది. మంచి బోధన జరుగుచున్న తరగతివేళను తీసివేసి ఆ స్థానమున కంప్యూటరును పెట్టినప్పుడు పిల్లలు మునుపటికంటె తక్కువ నేర్చిరి. అదే కంప్యూటరు పాఠమును బడివేళకు అదనముగా చేర్చినప్పుడు, ముఖ్యముగా వెనుకబడిన పిల్లలు, ఎక్కువ నేర్చిరి. యంత్రము ఒక్కటియే, పాఠము ఒక్కటియే. ఉపాధ్యాయునికి తోడు నిలిచినప్పుడు మేలు చేసినది, అతని స్థానమును ఆక్రమించినప్పుడు కీడు చేసినది.

తరువాత ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్ మున్నగు అర్థశాస్త్రవేత్తలు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు సుమారు 600 మందిపై మైండ్‌స్పార్క్ అను సాఫ్ట్‌వేరును పరీక్షించిరి. ఆ సందర్భమున వెల్లడియైన విషయమొకటి ప్రతి తల్లియు, ప్రతి తండ్రియు తెలిసికొనవలసినది. ఆరవ తరగతి చదువుచున్న సగటు విద్యార్థి గణితములో తన తరగతి స్థాయికి సుమారు రెండున్నర తరగతులు వెనుకబడియున్నాడు; తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులైనది. అనగా తొమ్మిదవ తరగతి పాఠము చెప్పుచున్న ఉపాధ్యాయుని ఎదుట నాలుగవ, ఐదవ తరగతుల లెక్కలే రాని పిల్లలు కూర్చుండియున్నారు. నాడి చూడక మందిచ్చిన వైద్యుని చికిత్స ఎట్టిదో, వారికి ఆ పాఠము అట్టిది. ఆ సాఫ్ట్‌వేరు మొదట ప్రతి పిల్లవానిని పరీక్షించి, వాడు ఏ తరగతిలో కూర్చున్నాడన్నది విడిచి, వానికి నిజముగా ఏది వచ్చునో కనుగొని, అచ్చటనుండి మెట్టు మెట్టుగా పైకి తీసికొనివచ్చినది; దానికి తోడుగా ఒక అధ్యాపకుడు చిన్న చిన్న గుంపులకు పాఠము చెప్పెను. నాలుగున్నర నెలలలోనే గణితమునందును, హిందీయందును ఆ పిల్లలు తోటివారిని మించిపోయిరి.

ఈ ‘నాడి చూచుట’ తరగతిగదిలో ఎట్లు జరుగునో ఒక చిన్న లెక్కను దగ్గరగా పరికించిన తెలియగలదు. 0.25, 0.3 అను రెండు దశాంశ సంఖ్యలలో ఏది పెద్దదని అడిగినప్పుడు, చాలమంది పిల్లలు 0.25 అని బదులిత్తురు. బిందువు తరువాతి అంకెలను మామూలు సంఖ్యలవలె చదివి, 3 కంటె 25 పెద్దది కదా యని వారు తలపోయుచున్నారు. మరికొందరు 0.3 అని సరిగా చెప్పుదురు. మనము సంతృప్తిపడి ముందుకు సాగుదుము. కాని ఆ కొందరిలో సైతము పొరబాటు దాగియుండవచ్చును. నూరోవంతులకంటె పదోవంతులు పెద్దవి కనుక, బిందువు తరువాత అంకెలు ఎంత తక్కువయున్న సంఖ్య అంత పెద్దదని భావించు పిల్లవాడును 0.3 అనియే చెప్పును. అందుచేత 0.3, 0.45 లలో ఏది పెద్దదని రెండవ ప్రశ్న వేయవలెను. మొదటి పొరబాటు గలవాడు ఈసారి అదృష్టవశమున 0.45 అని సరిగా చెప్పును. రెండవ పొరబాటు గలవాడు 0.3 అని చెప్పి పట్టుబడును. స్థానవిలువ నిజముగా గ్రహించినవాడే రెండింటికిని సరిగా బదులిచ్చును. రెండే ప్రశ్నలు తరగతిని మూడు గుంపులుగా విడదీసినవి. నూరు గడుల చతురస్రమును గీసి, 0.3 అనగా ముప్పది గడులని, 0.25 అనగా ఇరువదియైదు గడులని, 0.45 అనగా నలువదియైదు గడులని రంగులు వేయించినచో, ఇరువురి పొరబాటులును వారి కన్నులకే కనబడును.

అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయునికి ఈ ప్రశ్నలు తెలియనివి కావు. నలువదిమంది పిల్లల సమాధానములను ఒక్కొక్కరిగా విని, గుర్తుంచుకొని, మరునాటికి గుంపులు చేయుటకు వ్యవధి లేకపోవుటయే అతని చిక్కు. యంత్రము అక్కరకు వచ్చునది సరిగా ఇచ్చటనే. దీనికై పిల్లలందరి చేతులలోను ట్యాబులుండ నక్కరలేదు. ప్లిక్కర్స్ అనునది ఇందుకు చక్కని ఉదాహరణము. ప్రతి పిల్లవానికి ఒక కాగితపు కార్డు ఇత్తురు. దానిపై నల్లనిగడుల చిత్రమొకటి ఉండును. ఏ ఇద్దరి చిత్రములును ఒక్కటిగా ఉండవు. కార్డు నాలుగు అంచులకు ఎ, బి, సి, డి అను గుర్తులుండును. ప్రశ్న విని, తన సమాధానపు గుర్తు పైకి వచ్చునట్లు పిల్లవాడు కార్డును తిప్పి పట్టుకొనవలెను. అక్షరములు మిక్కిలి చిన్నవి కనుక ప్రక్కవానిని చూచి చెప్పుటకు వీలుండదు. ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను తరగతిపై ఒకసారి త్రిప్పినచో, ఎవరు ఏమని బదులిచ్చిరో పేరుపేరున నమోదగును. ఒక్క ఫోను, ఒకకట్ట కాగితములు. నోరువిప్పి చెప్పుటకు సిగ్గుపడు బాలికయు, తెలియదని ఒప్పుకొనుటకు జంకు బాలుడును, మొదటిసారిగా సమాధానము చెప్పినవారగుదురు.

గోడమీది పెద్ద ప్యానెలును సైతము అడిగెడి తెరగా మార్చవచ్చును. త్రిభుజముయొక్క మూడు భుజముల లంబ సమద్విఖండన రేఖలు ఒక్క బిందువున కలియునని, అదియే పరివృత్త కేంద్రమని పుస్తకములో ఉన్నది. నల్లబల్లపై ఒక త్రిభుజము గీయుటకు, రేఖలు కలుపుటకు పావుగంట పట్టును. తీరా అది ఒక్క త్రిభుజమే. ఆస్ట్రియాలో 2001లో పుట్టి, నేడు లోకమంతట ఉచితముగా లభించుచున్న జియోజీబ్రాలో ఆ పటమును ఒక్కసారి గీచినచో, శీర్షమును వ్రేలితో పట్టి ఎటు జరిపిన అటు త్రిభుజము మారును, దానితోపాటు కేంద్రమును కదలును. అయితే ఉపాధ్యాయుడు వెంటనే జరిపి చూపరాదు. “ఈ శీర్షమును ఇటు లాగిన కేంద్రము ఎచ్చటికి పోవును? ముందు నోటుపుస్తకములో చుక్క పెట్టుడు” అని అడిగి, పిల్లలు వ్రాసిన తరువాతనే జరుపవలెను. అల్పకోణ త్రిభుజమున లోపలనున్న కేంద్రము, లంబకోణమైనంతనే సరిగా కర్ణముయొక్క మధ్యబిందువుపైకి వచ్చి నిలుచును. కోణము ఇంకను పెరిగినంతనే త్రిభుజమును విడిచి బయటికి పోవును. కేంద్రము ఎల్లప్పుడును లోపలనే ఉండునని చుక్క పెట్టినవాడు తన ఊహ తప్పుటను తానే చూచి, ఎందుకు తప్పినదని అడుగును. ఆ ‘ఎందుకు’ అను ప్రశ్న పిల్లవాని నోట పుట్టించుటకే ఆ తెర అంత ధర పెట్టి కొనదగినది. భౌతికశాస్త్రమున, నోబెల్ బహుమానగ్రహీత కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయమున 2002లో నెలకొల్పిన ఫెట్ ప్రయోగములును ఇట్టివే. వానిలో కొన్ని తెలుగులోను లభించుచున్నవి.

ఇపుడు కృత్రిమ మేధ కూడ తరగతిగది గుమ్మములో అడుగుపెట్టినది. దానికిని, చూపునదా అడుగునదా అను ఈ కొలతయే వర్తించునని టర్కీలో సుమారు 1,000 మంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై జరిగిన పరిశీలన చాటుచున్నది. లెక్కల అభ్యాసవేళ, అడిగినంతనే సమాధానము చెప్పివేయు చాట్‌బాట్‌ను వాడినవారు అప్పటికి మిక్కిలి బాగుగా చేసిరి. కాని దానిని తీసివేసి పరీక్ష పెట్టినప్పుడు, ఎన్నడును దానిని వాడనివారికంటె 17 శాతము తక్కువ మార్కులు పొందిరి. సమాధానము చెప్పక, సూచనలు మాత్రమే ఇచ్చునట్లు ఉపాధ్యాయుల సలహాతో తీర్చిన మరియొక చాట్‌బాట్‌ను వాడినవారికి ఆ నష్టము దాదాపు కలుగలేదు. చెప్పివేసినది చేటు చేసినది. ఆలోచింపజేసినది చేటు చేయలేదు. ఇంటిలో పిల్లలకు ఫోను ఇచ్చి హోంవర్కు చేయించు తల్లిదండ్రులు ఈ విషయమును మనసున నాటుకొనవలెను.

తెరలకు హద్దులుండవలెనను భావన అభివృద్ధిచెందిన దేశములలో సైతము బలపడుచున్నది. యునెస్కో 2023లో వెలువరించిన ప్రపంచ విద్యా నివేదిక, సాంకేతికత విద్యార్థి మేలుకొరకే వాడబడవలెను గాని ఉపాధ్యాయుని స్థానమును ఆక్రమింపరాదని హెచ్చరించినది. అదే సంవత్సరము స్వీడన్ ప్రభుత్వము పాఠశాలలలో మరల అచ్చుపుస్తకములు కొనుటకు ప్రత్యేకముగా నిధులు కేటాయించినది. చిన్నపిల్లలకు చేతివ్రాత, గట్టిగా చదువుట, ఎక్కములు, కథ వినుట అవసరమని, ఏ తెరయు వానికి బదులు కాజాలదని ఎంత త్వరగా గ్రహించిన అంత మేలు.

మరి మనము చేయవలసినదేమి? మొదటిది, ఉపాధ్యాయునికి తీరిక కల్పించుట. నేడు ఉపాధ్యాయుని చేతిలోని ఫోను పిల్లల హాజరు నమోదు చేయుటకు, మధ్యాహ్న భోజనపు ఫొటోలు అప్‌లోడ్ చేయుటకు ఎంత ఉపయోగపడుచున్నదో, పిల్లవానికి రానిదేదో తెలిసికొనుటకు అంత ఉపయోగపడుట లేదు. యాప్‌ల భారమును తగ్గించి, ఆ సమయమును బోధనకు మిగుల్చుటకు క్రొత్త నిధులు కూడ అక్కరలేదు. రెండవది శిక్షణ. ప్యానెలును ఆన్ చేయుట, వీడియో తెరచుట నేర్పు శిక్షణకు ఒక పూట చాలును. ఏ పాఠమున పిల్లలు ఏయే పొరబాటులు చేయుదురో, వానిని బయటపెట్టు ప్రశ్న ఏదో, ఆ పొరబాటునకు మందేదో చర్చించు శిక్షణ సంవత్సరము పొడవునను సాగవలెను. దానిని మన గణితోపాధ్యాయులే ఒకరికొకరు నేర్పుకొనగలరు. మూడవది భాష. మన పాఠ్యపుస్తకములు ఒకవైపు తెలుగులోను, మరియొకవైపు ఆంగ్లములోను అచ్చగుచున్న ఈ కాలమున, తెరమీది ప్రశ్నయు, సూచనయు, తప్పునకు వివరణయు సైతము పిల్లవానికి ఇంటిభాషలో దొరకవలెను. అర్థముకాని భాషలో అడిగిన ప్రశ్న, లెక్క రాకపోవుటను గాక భాష రాకపోవుటను మాత్రమే కొలుచును. నాలుగవది రిపేరు, కరెంటు, ఇంటర్నెట్ మొదలగు చిన్నచిన్న విషయములు. ఒక ప్యానెలు చెడి ఆరునెలలు మూలబడినచో, దానిపై పెట్టిన సొమ్ము అంతయు ఆ ఆరునెలలు వృథాయే.

వీటన్నిటికంటె ముఖ్యముగా, తల్లిదండ్రులు అడుగు ప్రశ్న మారవలెను. పేరెంట్స్ మీటింగునకు వెళ్లినప్పుడు, మా పిల్లకు ట్యాబు ఎప్పుడిచ్చెదరు, మా బడికి డిజిటల్ బోర్డు ఎప్పుడు వచ్చును అని అడుగుట తప్పుకాదు. కాని అంతటితో ఆగరాదు. “మాస్టారూ, మా అమ్మాయి లెక్కల్లో ఎక్కడ తడబడుతోందండీ? దానికి ఈ నెల మీరేం చేయిస్తున్నారు?” అని అడుగవలెను. “భిన్నముల వరకు బాగుగనే చేయుచున్నదమ్మా, దశాంశ బిందువు వద్ద స్థానవిలువ పట్టుపడలేదు, వచ్చే రెండు వారములు ఆ గుంపులో కూర్చుండబెట్టి గడుల పటముతో చేయించెదను” అని ఉపాధ్యాయుడు ఆ క్షణముననే బదులు చెప్పగలిగిన పాఠశాలలో, గోడమీద ఎంత పెద్ద తెర ఉన్నను, అసలు తెరయే లేకున్నను, సాంకేతిక విజ్ఞానము చేయవలసిన పని జరుగుచున్నదనియే మనము నమ్మవచ్చును.